నీళ్ళల్లో ఊరు, తాగడానికి వాన: వెనిస్ బావుల సంగతి

వెనిస్ అనగానే మనకి గుర్తొచ్చేవి కాలవలు, గొండోలా పడవలు, సినిమా పాటలు. ఇటలీకి ఈశాన్యాన, మన పులికాట్ సరస్సులాంటి ఒక ఉప్పునీటి కయ్యలో, వందకు పైగా చిన్న చిన్న దీవుల మీద కట్టిన పాత ఊరు అది. దీవుల్ని కలుపుతూ 400 పైచిలుకు వంతెనలున్నాయి. ఊళ్ళో బస్సు లేదు, ఆటో లేదు, సైకిల్ కూడా తొక్కనివ్వరు. నడవాలి, లేకపోతే పడవెక్కాలి.

ఇలాంటి ఊరికి తాగే నీళ్ళెక్కడివి? చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. దీవుల్లో ఊటబావి తవ్వినా మంచినీరు పడదు. కానీ ఈ ఊరు వెయ్యేళ్ళకు పైగా బతికింది, ఒకప్పుడు లక్ష దాటిన జనంతో యూరప్‌లోని పెద్ద నగరాల్లో ఒకటిగా ఉంది. ఈ ప్రశ్న నాకు తట్టలేదు, మా అమ్మకి తట్టింది. మద్రాసులో బిందె పట్టుకుని లారీ కోసం నిలబడ్డవాళ్ళకి ఏ ఊరు చూసినా ముందు నీళ్ళ సంగతే గుర్తొస్తుందేమో.

పోయిన మే సెలవుల్లో నేనూ అమ్మా మ్యూనిక్‌లో ఉన్న మా అన్న దగ్గరికి వెళ్ళాం. అక్కణ్ణుంచి ఇద్దరమే రైల్లో వెనిస్ వెళ్ళి మూడు రోజులున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి. అక్కడ వంతెనలంటే మెట్లే, ఎక్కాలి, దిగాలి. అందుకని రెండు వంతెనలు దాటడం, ఎక్కడో ఒకచోట కూర్చోవడం, మళ్ళీ నడవడం. అలా కూర్చున్న చోటల్లా ఒక రాతి బావి ఉంది. మేం వెనిస్‌ని ఎక్కువగా చూసింది ఆ బావుల మెట్ల మీద నుంచే.

బావి కాదు, సంపు

వెనిస్‌లో పియాజ్జా అని పిలిచేది ఒక్క సాన్ మార్కో చౌకునే. మిగతా చౌకులన్నీ "కాంపో"లు. కాంపో అంటే పొలం. ఒకప్పుడు గడ్డి మొలిచిన ఖాళీ జాగాలు, తర్వాత రాళ్ళు పరిచారు. దాదాపు ప్రతి కాంపో మధ్యలో నడుమెత్తు రాతి ఒర ఒకటి కనిపిస్తుంది. కొన్నిటి మీద సింహాలు, ఆకులు, ఇంటి ముద్రలు చెక్కారు. టూరిస్టులు దాని మీద బ్యాగు పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అసలు పని జరిగేది ఒర దగ్గర కాదు, మన కాళ్ళ కింద.

కట్టే పద్ధతి ఇది. ముందు కాంపోలో చాలా భాగాన్ని మూడు నుంచి ఐదు మీటర్ల లోతు వరకు తవ్వుతారు. గుంట అడుగుకీ పక్కలకీ బంకమట్టి మందంగా మెత్తుతారు. బయటి ఉప్పునీరు లోపలికి రాకూడదు, లోపలి మంచినీరు బయటికి పోకూడదు. మధ్యలో ఇటుకలతో గుండ్రటి గొట్టం లేపుతారు. దాని అడుగు భాగంలో ఇటుకల మధ్య సున్నం పెట్టరు, నీరు ఊరి లోపలికి రావాలి కదా. గొట్టం చుట్టూ మిగిలిన గుంటంతా శుభ్రమైన నది ఇసుకతో నింపేస్తారు. పైన రాళ్ళు పరుస్తారు, కానీ సమంగా కాదు. కొంచెం వాలు పెట్టి, పల్లంగా ఉన్న రెండు మూడు చోట్ల, ఎక్కువగా నాలుగు చోట్ల, చిల్లులున్న తెల్ల రాతి పలకలు అమరుస్తారు.

వాన పడితే కాంపో మీది నీరు ఆ చిల్లుల్లోకి దిగుతుంది. చుట్టుపక్కల ఇళ్ళ కప్పుల మీది నీటిని కూడా కాలవలు, గొట్టాల ద్వారా లోపలికి పంపేవాళ్ళు. ఇసుకలో మెల్లగా వడకట్టుకుని, మధ్య గొట్టంలోకి చేరుతుంది. అక్కణ్ణుంచి చేదుకోవడమే. పైకి బావిలా కనిపించినా లోపల ఊట లేదు. ఉన్నదంతా వానే.

ఇదంతా నేను ఫోన్లో చదివి అమ్మకి చెప్తుంటే సగంలోనే ఆపేసింది. "ఇది బావి కాదే, సంపు. సంపులో ఇసక పోసి పెట్టారంతే" అంది. ఒక మాటలో ఇంతకన్నా బాగా చెప్పలేం. మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే ఒరని చూశాక కిందికి చూడండి. చిల్లుల రాళ్ళు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో చూస్తే, మీరు నిలబడ్డ తొట్టి ఎంత పెద్దదో అంచనా దొరుకుతుంది.

కొన్ని బావులు మూడు నాలుగు మెట్ల ఎత్తులో ఉంటాయి. అది అందం కోసం చేసింది కాదు. వెనిస్‌లో పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం వీధుల్లోకి వస్తుంది. ఈమధ్య 2019 నవంబర్ 12న 187 సెంటీమీటర్ల దాకా లేచింది. ఉప్పునీరు ఒక్కసారి ఇసుకలోకి దిగిందంటే ఆ బావి పాడైనట్టే, ఖాళీ చేసి మళ్ళీ శుభ్రం చేసుకోవాలి. అందుకే ఎత్తు. కొన్ని ఒరల అడుగున చిన్న గిన్నెలాంటి తొట్టి చెక్కి ఉంటుంది, అది కుక్కలకీ పక్షులకీ.

తాళం, గంట, వరస

1858లో నగరపాలక సంస్థ బావుల్ని లెక్కపెట్టించింది. మొత్తం 6,782. అందులో 6,046 ఇళ్ళ పెరళ్ళలో ఉన్న సొంత బావులు, 180 అందరివీ, మిగిలిన 556 అప్పటికే పూడ్చేసినవి. డబ్బున్నవాళ్ళకి పెరట్లో బావి, లేనివాళ్ళకి కాంపోలో బావి. ఈ తేడా మనకి కొత్త కాదు.

అందరి బావులకి తాళం ఉండేది. తాళంచెవి ఆ పేట పెద్ద దగ్గర ఉండేది. రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గంట కొట్టి బావి తెరిచేవాళ్ళు. వాన నీరు కాబట్టి లెక్కగా వాడుకోవాలి, మురికి చేయకూడదు. ఈ కాపలా సరిగ్గా జరుగుతోందా అని చూడ్డానికి ప్రభుత్వ అధికారులు ఉండేవాళ్ళు. తొట్టి కట్టడం ఒక ఎత్తయితే దాన్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోది లేకపోతే మొదటిది వందేళ్ళు కూడా నిలిచేది కాదని నాకనిపిస్తుంది.

వానలు ముఖం చాటేస్తే బ్రెంటా నది నుంచి పడవల్లో మంచినీరు తెచ్చి బావుల్లో పోసేవాళ్ళు. ఆ పని చేసేవాళ్ళకి సొంత సంఘం ఉండేది. ఇక ఇంటింటికీ నీళ్ళు మోసింది ఆడవాళ్ళు. వాళ్ళని బిగొలాంతి అనేవాళ్ళు. ఎక్కువమంది ఫ్రియూలీ అనే ప్రాంతం నుంచి కూలి కోసం వచ్చినవాళ్ళు. భుజం మీద వంగిన కావడి, రెండు చివర్లా రెండు రాగి బిందెలు. పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులు వాళ్ళని చాలాసార్లు గీశారు. అలాంటి ఒక బొమ్మ చూసి అమ్మ చీర గురించో నగ గురించో మాట్లాడినట్టే, "బిందె నిండా పట్టలేదు చూడు, నడిచేటప్పుడు తొణక్కుండా" అంది. ఆ బొమ్మలో నేను గౌను రంగు చూశాను.

డోజ్ అనే పాలకుడి కోటలో, లోపలి వాకిట్లో, పదహారో శతాబ్దపు కంచు ఒరలు రెండున్నాయి. చాలా గొప్ప పనితనం. కానీ మేం వెతుక్కుంటూ వెళ్ళింది వేరే చోటికి, రియాల్టో వంతెన దగ్గరున్న కోర్తె సెకొండా దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలికి. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండేదంటారు. పదమూడో శతాబ్దం చివర్లో ఆయన మన తీరానికి వచ్చి "ముత్ఫిలి" అనే రాజ్యం గురించి రాయించాడు. అది ఇప్పటి మోటుపల్లి అని చరిత్రకారులు చెప్తారు. అక్కడి రాణి న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవే అని చాలామంది అభిప్రాయం. సాలెగూడంత సన్నటి బట్టల గురించి, వజ్రాల గురించీ చెప్పాడు. ఆ వాకిట్లోనూ ఒక బావి ఒర ఉంది. అంత దూరం వచ్చి మన ఊళ్ళ గురించి చెప్పిన మనిషి పేటలో కూడా వాన నీళ్ళే తాగారని తెలిస్తే, ఆ పేరు పాఠంలోంచి బయటికొచ్చి మనిషిలా కనిపించింది.

మూత పడ్డాక

1884లో ప్రధాన భూభాగం నుంచి గొట్టాల ద్వారా వెనిస్‌కి కుళాయి నీళ్ళొచ్చాయి. బావుల అవసరం తీరిపోయింది. ఇప్పుడు అన్నిటికీ ఇనుప మూతలే. ఊళ్ళో వందకు పైగా తాగునీటి కుళాయిలు ఉచితంగా పారుతుంటాయి, సీసా పట్టుకెళ్తే చాలు. అమ్మ మొదటిరోజు నమ్మలేదు, మూడోరోజుకి సీసాలో పట్టి రైలుక్కూడా తెచ్చింది.

కుళాయి రావడం మంచిదే. నీళ్ళు మోసే ఆడవాళ్ళ నడుములకి విశ్రాంతి వచ్చింది. అయితే కథ అక్కడ ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పక్కనే ఉన్న మార్గెరా ఫ్యాక్టరీల కోసం భూమి లోపలి నీటిని విపరీతంగా తోడారు. నీరు తీసేసరికి నేల కుంగింది. అది గమనించి 1970ల్లో తోడడం ఆపాల్సి వచ్చింది. పైనుంచి పడే నీటితో బతికిన ఊరిని కిందినుంచి తీసిన నీరు దెబ్బతీసింది.

జనం కూడా తగ్గారు. 1950ల మొదట్లో పాత ఊళ్ళో దాదాపు 1,75,000 మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు 50,000 లోపే. అద్దెలు, టూరిస్టులు, పోటు నీళ్ళు, ఇలా చాలా కారణాలున్నాయి. సాయంత్రం ఒక కాంపోలో కూర్చుంటే చుట్టూ ఉన్న కిటికీల్లో సగం చీకటిగానే ఉన్నాయి. అమ్మ అక్కడ ఒక మాట అంది. "మా చిన్నప్పుడు వీధి పంపు దగ్గర రోజూ కొట్లాటే. కానీ వీధిలో అందరి పేర్లూ తెలిసేవి."

మన సంగతి

చెన్నైలో 2003 నాటికి ప్రతి భవనానికీ వాన నీటి గుంట తప్పనిసరి చేశారు. చిన్న గుంట, అందులో కంకర, ఇసుక, మేడ మీది నుంచి దిగే పైపు. చూడబోతే వెనిస్ తొట్టికి చెల్లెలు. ఒక్క తేడా, ఇక్కడ నీరు భూమిలోకి ఇంకిపోతుంది, అక్కడ తొట్టిలోనే నిలుస్తుంది. అయినా 2019 వేసవిలో చెరువులెండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్నాం. కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీరు కూడా మన దాహం తీరుస్తోంది, ఆ సంగతి మన ఇళ్ళల్లో గర్వంగానే చెప్పుకుంటాం. దూరపు నీరు వస్తుంది కదా అని ఇంటి మీద పడే నీటిని మర్చిపోతే ఎలా?

గుంట ఉండటం వేరు, పని చేయడం వేరు. వెనిస్‌లో తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. మన గుంటకి ఎవరు జవాబుదారీ అంటే చెప్పేవాళ్ళు లేరు. ఊరు నుంచి వచ్చాక అమ్మ మా అపార్ట్‌మెంట్ మీటింగులో అదే అడిగింది. ఐప్పసి వానలకు ముందే మూత తీయించింది. పైన అరచెయ్యి మందం బురద, ప్లాస్టిక్ కవర్లు, ఒక పిల్లల బంతి. ఇసుక మార్చడానికి ఒక్కో ఇంటికీ పడ్డ ఖర్చు రెండు క్యాన్ల నీళ్ళ ధర కూడా కాలేదు.

మీ మేడ మీది పైపు ఎక్కడికి పోతోందో ఈసారి వాన పడినప్పుడు ఒకసారి కిందికి దిగి చూడండి. మన హాస్టల్ వెనక కూడా అలాంటి మూత ఒకటుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచారో నేను వాచ్‌మన్ అన్నని అడిగాను. ఆయన నవ్వి, "మీరే మొదటిసారి అడిగింది పాపా" అన్నాడు.