పదోవంతు వాటు ఎంత దూరం పోతుంది?

టార్చిలైటు బల్బును మీరు చూసే ఉంటారు. దాని మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియరు అని రాసి ఉంటే అది వాడుకునే సామర్థ్యం 0.75 వాటు. ఆ వెలుగు చేనుగట్టు దాటి కొంతదూరం పోతుంది. అందులో సుమారు ఏడోవంతును, అంటే 0.1 వాటును, వెలుగుగా కాక రేడియో తరంగంగా పంపితే ఎంత దూరం పోతుంది? ఊరి పొలిమేర దాకానా? పక్క ఊరి దాకానా?

ఈ ప్రశ్నను ఎవరో ఒకరిని అడగనక్కరలేదు. రేడియో పెట్టుకొని మీరే తేల్చుకోవచ్చు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్‌కు దగ్గరగా పెద్దవూర ఉంది. అక్కడి నుంచి శ్రీలంకలోని కొలంబో సుమారు 1,100 కిలోమీటర్లు. పెద్దవూరలో కూర్చుని కొలంబో పంపే ఆ పదోవంతు వాటును ఎలా వినాలో చూద్దాం.

బీకన్ అంటే ఏమిటి?

సముద్రతీరంలో దీపస్తంభం ఉంటుంది. అది ఓడలకు వార్తలు చెప్పదు. 'నేనిక్కడ ఉన్నాను' అని మాత్రం తెలుపుతుంది. రేడియో బీకన్ కూడా అంతే. అందులో పాటలుండవు, మాటలుండవు. తన గుర్తింపు పేరును మోర్స్ సంకేతాలలో పంపి ఊరుకుంటుంది. మరి దాన్ని వినడం దేనికి అంటారా? పేరు మనకు ముందే తెలుసు. తెలియనిది అది వచ్చే దారి. ఆకాశంలో ఆ దారి తెరిచి ఉందో మూసి ఉందో బీకన్ వల్ల తెలుస్తుంది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్ కూడా ఇలాంటి బీకనే. దాని ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం 1 వాటు. అది 20.005 మెగాహెర్ట్జ్ వద్ద షార్ట్‌వేవ్‌లో పంపిన 'బీప్ బీప్' ధ్వనిని అనేక దేశాలలో ఔత్సాహికులు తమ ఇళ్ళలోని రేడియోలతోనే విన్నారు.

నాలుగు మెట్ల కొలబద్ద

హామ్ రేడియో ఔత్సాహికులు 1979లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 14.1 మెగాహెర్ట్జ్ మీద ఒక బీకన్ నెలకొల్పారు. తరవాత అది ప్రపంచమంతటా 18 బీకన్ల మాలగా పెరిగింది. కొలంబో బీకన్ అందులో ఒకటి. దాని పేరు 4ఎస్7బి.

ఈ బీకన్లన్నీ గడియారానికి కట్టుబడి వంతులవారీగా పలుకుతాయి. ఒక్కొక్కదానికి పది సెకన్లు. 18 బీకన్లకు కలిపి మూడు నిమిషాలు. మళ్ళీ మొదటిదాని వంతు వస్తుంది. గంట మొదలుకొని మూడేసి నిమిషాలు లెక్కపెట్టండి. ప్రతి మూడు నిమిషాల చక్రంలో 1 నిమిషం 30 సెకన్లు గడవగానే 14.100 మెగాహెర్ట్జ్ మీద కొలంబో వంతు వస్తుంది. ఉదాహరణకు 9 గంటల 1 నిమిషం 30 సెకన్లకు, మళ్ళీ 9 గంటల 4 నిమిషాల 30 సెకన్లకు.

ఆ పది సెకన్లలో ఏం వినిపిస్తుంది? ముందు పేరు: డిడిడిడిడా, డిడిడిట్, డాడాడిడిడిట్, డాడిడిడిట్. ఆ తరవాత ఒక్కొక్క సెకను పొడవున నాలుగు కూతలు. అసలు విశేషం ఈ కూతలలోనే ఉంది. పేరు, మొదటి కూత 100 వాట్లతో వస్తాయి. రెండో కూత 10 వాట్లు. మూడోది 1 వాటు. నాలుగోది 0.1 వాటు. మెట్టుమెట్టుకూ పదోవంతుకు తగ్గిపోతుంది.

మీకు ఒక్క కూతే వినిపిస్తే దారి బాగా లేదన్నమాట. మూడు వినిపిస్తే, ఒక్క వాటు 1,100 కిలోమీటర్లు నడిచి వచ్చింది! నాలుగూ వినిపిస్తే మన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

తరంగం ఎలా వస్తుంది?

భూమి గుండ్రంగా ఉంది కదా. పెద్దవూర నుంచి కొలంబోకు తిన్నగా ఒక గీత గీస్తే, ఆ గీత నడిమధ్యన భూమి 20 కిలోమీటర్లకు పైగా అడ్డం వస్తుంది. రేడియో తరంగం నేలను దూసుకొని రాలేదు. మరి ఎలా వచ్చింది? ఆకాశానికి పోయి తిరిగి వచ్చింది.

సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైగాలిలోని పరమాణువుల నుంచి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఇలా ఏర్పడిన పొరలనే అయనావరణం అంటారు. భూమికి 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా ఇది ఉంది. ఇందులో పైనున్న ఎఫ్ పొర షార్ట్‌వేవ్ తరంగాలను వంచి తిరిగి నేలకు పంపుతుంది. కిందనున్న డి పొర పగటిపూట తరంగాల శక్తిని కొంత మింగేస్తుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కొలంబో బీకన్ 14.100 మీద పలికాక 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్‌ల మీద కూడా పది సెకన్ల చొప్పున వరసగా పలుకుతుంది. పౌనఃపున్యం పెరిగినకొద్దీ తరంగాన్ని వంచడం ఎఫ్ పొరకు కష్టమవుతుంది. ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని వంచగలదు గాని, నిటారుగా వచ్చినదాన్ని ఆపలేదు. అందువల్ల 28.200 మీద దగ్గరున్న కొలంబో వినిపించక, ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన ఉన్న దేశం వినిపించవచ్చు. దగ్గరిది వినబడదు, దూరానిది వినబడుతుంది! మధ్యనున్న ఆ వినపడని మేరను మౌనమండలం అనవచ్చు.

రేడియోను సిద్ధం చేయండి

22 మీటర్ల, 19 మీటర్ల బ్యాండ్లకు మధ్య ఎడం లేకుండా తిరిగే షార్ట్‌వేవ్ రేడియో కావాలి. 14.100 ఆ రెంటి నడుమ ఉంటుంది. ఏడెనిమిది మీటర్ల తొడుగు తీగను రేడియో ఏరియల్‌కు తగిలించి కిటికీ బయటికి కట్టండి. కరెంటు తీగలకు దగ్గరగా మాత్రం కట్టవద్దు. ఉరుములు, మెరుపులు వచ్చే సూచన ఉంటే తీగను ముందే విప్పేయండి.

మామూలు రేడియోలో మోర్స్ కూత వినిపించదు. నేపథ్యపు గరగర కాసేపు తగ్గినట్టు మాత్రమే ఉంటుంది. కూతగా వినాలంటే రెండో రేడియో సాయం తీసుకోండి. వీణ శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు దగ్గరి స్వరాలలో ఉంటే విస్పందనాలు పుడతాయి కదా! ఇదీ అలాంటిదే. ముల్లు తిప్పే పాతరకం రేడియోలు చాలావాటిలో, మనం పెట్టిన చోటికి 0.455 మెగాహెర్ట్జ్ పైన ఒక చిన్న తరంగం లోపల పుడుతుంది. కాబట్టి రెండో రేడియోను 13.645 దగ్గర పెట్టి మొదటిదాని పక్కన ఉంచండి. దాని ముల్లును వెంట్రుకవాసి కదుపుతూ పోతే బీకన్ 'కూఁ' మని పలుకుతుంది. సింగిల్ సైడ్‌బ్యాండ్ మీట ఉన్న రేడియో అయితే ఈ అవస్థ లేదు.

పల్లెటూళ్ళో ఉన్నవారికి ఒక మేలుంది. నగరంలో ఛార్జర్లు, ఎల్‌ఇడి దీపాలు, మోటార్లు కలిసి చేసే గరగరలో 0.1 వాటు మునిగిపోతుంది. పెద్దవూర చుట్టుపక్కల చేలలో, పంపుసెట్టుకు దూరంగా కూర్చుంటే ఆ గోల చాలావరకు ఉండదు.

ఇది ఆటేనా?

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య భావరాజు రామచంద్రరావు, ఆయన శిష్యులు అయనావరణాన్ని ఏళ్ళతరబడి పరిశోధించారు. తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్‌తో పై వాతావరణాన్ని పరిశీలిస్తున్నారు. ఆ దారి ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలియడం ఆపదలో ప్రాణాధారం కావచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన హామ్ బృందం భారతీ ప్రసాద్ నాయకత్వాన అండమాన్‌లోని అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. టెలిఫోన్లు మూగపోయిన ఆ రోజుల్లో వారి షార్ట్‌వేవ్ రేడియోలు ద్వీపాల కబుర్లను బయటికి చేర్చాయి.

వినడం వేరు, పంపడం వేరు. మీరే పంపాలంటే పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందాలి. 12 ఏళ్ళు నిండినవారు ఆ పరీక్షకు కూర్చోవచ్చు.

ఇప్పుడొక నోటుపుస్తకం తీయండి. తేదీ, సమయం, పౌనఃపున్యం, వినిపించిన కూతల సంఖ్య అని నాలుగు గళ్ళు గీయండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే వేళకు నెలరోజులు వినండి. ఏమీ వినిపించకపోతే సున్న వేయండి. సున్న కూడా కొలతే. ఒక్కొక్కప్పుడు బీకన్ మరమ్మతు కోసం ఆగి ఉండవచ్చు. అందుకని తక్కిన 17 బీకన్ల వంతులలో కూడా చెవి పెట్టండి. పగటివేళ అన్నీ ఒక్కసారిగా మాయమై, కొన్ని పదుల నిమిషాలకు తిరిగి వచ్చాయా? అయితే సూర్యుని మీద మంట ఎగసి ఉండవచ్చు. దాని ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాలలో ఇక్కడికి చేరి డి పొరను చిక్కబరుస్తాయి. ఆ గడి పక్కన వేళను నిమిషంతో సహా రాసి పెట్టుకోండి. ఆ రోజు సూర్యుని గురించి శాస్త్రజ్ఞులు ప్రకటించిన సమాచారంతో సరిచూసుకోండి.