మీకు తెలుసా? బొమ్మ రైలుకు తెలుపు వేయడమే కష్టం

సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ 2023 ఏప్రిల్ 8న నల్లగొండ మీదుగా, కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ అదే ఏడాది సెప్టెంబర్ 24న మహబూబ్‌నగర్ మీదుగా మొదలయ్యాయి. రెండూ తెలుపు, నీలం రంగుల్లోనే వచ్చాయి. ఆ రైళ్ల పెట్టెను 1:87 కొలతలో బొమ్మగా చేస్తే సుమారు 26 సెంటీమీటర్ల పొడవుంటుంది. అంత చిన్న తెల్లటి బొమ్మ మీద నలుసు పడినా కనిపిస్తుంది. రంగు పైన కొట్టిన పారదర్శక పూత (క్లియర్ కోటు) పసుపు తిరిగిందంటే పడిన శ్రమంతా వృథా.

అందుకే స్ప్రే డబ్బా కొనగానే బొమ్మ మీద కొట్టొద్దు. ప్లాస్టిక్ చెంచాకు ప్రైమర్, తెలుపు, క్లియర్ కోటు వరుసగా వేయండి. బాగా ఆరాక సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఎండ పడే కిటికీలో కొన్ని వారాలు ఉంచండి. విప్పినప్పుడు రెండు సగాల మధ్య గీత కనిపిస్తే ఆ క్లియర్ కోటు తెలుపుకు పనికిరాదు.

మన దగ్గర కాలం చూసుకోవడమూ ముఖ్యమే. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున తుంపర బొమ్మను చేరేలోపే సగం ఆరిపోయి గరుకుగా పేరుకుంటుంది. ముసురు పట్టినప్పుడు లాకర్ రకం క్లియర్ కోటు తేమకు పాలలా తెల్లబడుతుంది. తెలుపు మీద తెలియకపోయినా నీలం పట్టీ మీద ఆ మచ్చ దాగదు. చలికాలపు పొడి మధ్యాహ్నాలే ఈ పనికి అనువు.

స్ప్రే డబ్బాను 50 డిగ్రీలు దాటే చోట ఉంచకూడదు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.