మోటారుకారులోని ఆయిల్ ఫిల్టరు

మన పాఠశాల ప్రాంగణమునకు ప్రతిదినము ఉదయమున ఎన్నియో కార్లు వచ్చి నిలుచుచున్నవి. వాని రంగును, వేగమును, వెలను గుఱించి మన విద్యార్థులు తడుముకొనక చెప్పగలరు. కాని వాని ఇంజనునకు ప్రక్కనో క్రిందనో బిగింపబడియుండు చిన్న రేకుడబ్బాను గుఱించి ప్రశ్నించినచో ఉత్తర మిచ్చువారు అరుదు. దానికి ఆయిల్ ఫిల్టరు అని పేరు. ఇంజను చిరకాలము మన్నుటకు ఈ డబ్బా ముఖ్యమైన ఆధారము. ఈ సంగతి ఎఱిగియుండియు ఒక్కమారు అశ్రద్ధ చేసి నేను పొందిన నష్టమును ఈ వ్యాసము చివర చెప్పుదును. ముందుగా దాని పని యెట్టిదో తెలిసికొందము.

ఇంజను నడచునపుడు పిస్టనులు నిమిషమునకు వేలకొలది మార్లు కదలుచుండును. క్రాంకుషాఫ్టు తన బేరింగులలో అంత వేగముగను తిరుగుచుండును. లోహము లోహమును నేరుగా రాచుకొన్నచో త్వరలోనే వేడెక్కి, అరగి, ఒకదాని కొకటి అతుకుకొనిపోవును. అట్లు జరుగకుండ వాని నడుమ పలుచని నూనెపొర యొకటి నిలుచుచున్నది. ఆ పొర మందమును మైక్రానులలోనే లెక్కింపవలెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. బేరింగునందలి నూనెపొర దానికంటె ఎన్నియో రెట్లు పలుచన. కావున కంటికి ఆనని ఇసుకరేణువైనను ఆ పొరను దాటి లోహమును గీయగలదు.

నూనెలోనికి ఇట్టి మలినము ఎచ్చటనుండి వచ్చును? ఇంధనము మండునపుడు పుట్టు మసి కొంత, భాగములు అరుగుటవలన రాలు లోహపు పొడి కొంత, గాలితో చొరబడు దుమ్ము కొంత. ఇంజను అడుగున సంపు అను తొట్టి కలదు. అందలి నూనెను ఆయిల్ పంపు పైకి లాగి ఫిల్టరులోనికి నెట్టును. డబ్బా ముఖమున అంచువెంట నుండు చిన్న రంధ్రములగుండ నూనె లోనికి పోయి, మడతలు మడతలుగా నమర్చిన వడపోత కాగితమును దాటి, నడిమి పెద్దరంధ్రమునుండి శుభ్రమై వెలికివచ్చి, బేరింగులకు చేరును.

మన యిండ్లలో పానకము చేయునపుడు బెల్లపునీటిని గుడ్డతో వడకట్టుట అందఱును చూచియుందురు. ఇసుకయు, చెఱకుపిప్పియు గుడ్డపై నిలుచును. గుడ్డ పూడిపోయినపుడు నీరు దిగదు. అప్పుడు తొందరపడి గుడ్డను తొలగించినచో పానకము వచ్చును గాని ఇసుకయు దానితో వచ్చును. ఫిల్టరునందును సరిగా ఇట్లే జరుగును. కాగితము పూడిపోయినపుడు ఇంజనునకు నూనె బొత్తిగా అందకపోవుటకంటె మురికినూనె అందుట మేలని, బైపాస్ వాల్వు అను చిన్న తలుపు తెఱచుకొని, వడకట్టని నూనెనే పంపును. కారు నడచుచునే యుండును; నడపువానికి ఏమియు తెలియదు; లోన అరుగుదల మాత్రము సాగుచుండును. సకాలమున ఫిల్టరును మార్చవలెననుటకు కారణ మిదియే.

మొదటి కార్లకు ఈ సాధనము లేదు. ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వఱకు తయారుచేసిన మోడల్ టి కారునందు ఫిల్టరు లేనందున, నూనెను తఱచుగా మార్చుటయే రక్షణోపాయముగ నుండెను. 1923లో అమెరికాదేశమున ఎర్నెస్ట్ స్వీట్లాండు అనునతడు మోటారుకారునకు తగిన ఫిల్టరును రూపొందించి దానికి ప్యూరొలేటరు అని పేరిడెను. 1924లో వెలువడిన క్రైస్లరు కారునందు అట్టి ఫిల్టరును అమర్చిరి. ఆ కాలపు ఫిల్టరులు నూనెలో కొంతభాగమునే వడకట్టుచుండెను. నేటి కార్లలో సాధారణముగా నూనె యంతయు ఫిల్టరుగుండనే పోవును.

ఎన్ని దినముల కొకమారు మార్చవలెనను ప్రశ్నకు కారుతో నిచ్చు పుస్తకమే ప్రమాణము. నేటి పెట్రోలు కార్లలో పెక్కింటికి 10,000 కిలోమీటర్లు గాని, ఒక సంవత్సరము గాని, ఏది ముందు వచ్చిన అది గడువు. దుమ్ముబాటలలో తిరుగు కార్లకును, ఇంజను చక్కగా వేడెక్కకమునుపే నిలిపివేయు చిన్న ప్రయాణములు చేయు కార్లకును ఇంకను ముందుగనే మార్చుట మంచిది. నూనెను మార్చునపుడెల్ల ఫిల్టరును గూడ మార్చవలెను. క్రొత్తనూనెను పాతఫిల్టరుగుండ పంపుట, కడిగిన బియ్యమును కడుగని కుండలో వండుట వంటిది.

ఇక మార్చు విధానము. ఇంజనును కొన్ని నిమిషములు నడపి, నూనె గోరువెచ్చనైన పిమ్మట ఆపవలెను. కారును సమతలమున నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. కారును పైకెత్తవలసి వచ్చినచో గట్టి స్టాండులపై నిలుపవలెనే గాని, కేవలము జాకీని నమ్మి క్రిందికి దూరరాదు. ఈ నియమమును మీఱి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. పిల్లలు పెద్దవారి సహాయము లేక ఈ పనికి పూనుకొనరాదు.

సంపు అడుగున నున్న డ్రెయిను ప్లగ్గును విప్పి, నూనెను వెడల్పు పళ్లెములోనికి దింపి, క్రొత్త వాషరుతో ప్లగ్గును మరల బిగింపవలెను. తరువాత ఫిల్టరును గడియారపు ముల్లునకు ఎదురుదిశగా త్రిప్పి ఊడదీయవలెను. చేతికి లొంగనిచో దానికై ప్రత్యేకముగా దొరకు పట్టీ పనిముట్టును వాడవలెను. పాతఫిల్టరు ముఖమున నుండు రబ్బరు వలయము దానితో గూడ ఊడివచ్చినదో లేదో చూడవలెను. ఒకానొకప్పుడు అది ఇంజనునకే అంటుకొని నిలిచిపోవును. ఈ సంగతిని జ్ఞాపక ముంచుకొనుడు. ఇంజనుపై ఫిల్టరు కూర్చుండు చోటును శుభ్రమైన గుడ్డతో తుడిచి, క్రొత్తఫిల్టరు వలయమునకు వ్రేలితో కొంచెము క్రొత్తనూనె రాచి, చేతితోనే త్రిప్పి బిగింపవలెను. వలయము ఇంజనును తాకిన తరువాత, డబ్బాపై ముద్రించిన సూచన ననుసరించి, సాధారణముగా ముప్పాతిక చుట్టు త్రిప్పిన చాలును. అతిగా బిగించినచో వలయము నలిగిపోవచ్చును. మఱియొకమారు ఊడదీయుటయు కష్టమగును.

పుస్తకమున చెప్పిన రకపు నూనెను, చెప్పిన కొలతతో పోసి, ఇంజనును నడపవలెను. నూనె గుర్తుగల ఎఱ్ఱదీపము కొద్ది సెకనులలో ఆఱిపోవలెను. ఆఱనిచో వెంటనే ఇంజనును ఆపవలెను. క్రిందికి వంగి ఎచ్చటనైన నూనె కాఱుచున్నదేమో చూచి, ఇంజనును ఆపి, కొన్ని నిమిషములు తాళి, డిప్‌స్టిక్కు అను కొలతకడ్డీతో నూనెమట్టమును పరీక్షింపవలెను. ఫిల్టరు కొంత నూనెను త్రాగియుండును గనుక ఆ కొఱతను తీర్చవలెను.

దింపిన పాతనూనెను మురుగుకాలువలో గాని, నేలపై గాని పోయరాదు. ఒక్క కారునుండి ఒక్కమారు దింపిన నూనె పదిలక్షల గ్యాలనుల మంచినీటిని చెఱుపగలదని అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థవారు హెచ్చరించుచున్నారు. పాతనూనె చర్మమునకును మంచిది కాదు, చేతితొడుగులు వేసికొనవలెను. దానిని మూతగల డబ్బాలో పోసి, శుద్ధిచేయువారికి పంపు వర్క్‌షాపునకు ఇచ్చివేయుట తగిన పని.

ఇప్పుడు నా కథ. ఆఱేండ్ల క్రిందట వేసవి సెలవులలో, నాకీ పని బాగుగ వచ్చునను అతిశయముతో, మా అన్నగారి కారునకు నేనే ఫిల్టరును మార్చితిని. ఇంజనుపై నా వ్రేళ్లతో తడిమి చూడవలసినది, చూడలేదు. మఱునాడు అదే కారులో నెల్లూరినుండి ఒంగోలునకు ఒక పెండ్లికి బయలుదేఱితిని. కావలి దాటిన తరువాత ఎఱ్ఱదీపము వెలిగెను. ఆ దీపము ‘నూనె తగ్గుచున్నది, తీరికగా పోయుము’ అని చెప్పునది కాదు; ‘నూనె ఒత్తిడి పోయినది, ఇప్పుడే ఆపుము’ అని చెప్పునది. అది తెలిసియు, పెండ్లివేళ మించిపోవునని, రాబోవు ఊరిలో చూచుకొందమని మూడు కిలోమీటర్లు పోనిచ్చితిని. ఇంజను ఒక్కమారు పెద్దగా మ్రోగి ఆగిపోయెను. దిగి చూడగా వెనుక రోడ్డు పొడవున నల్లని చార. మెకానిక్కు ఫిల్టరును విప్పి నాకు చూపెను. పాతవలయము ఇంజనునకే అంటుకొనియున్నది. దానిపైననే క్రొత్తది కూర్చున్నది. రెండు వలయములు ఒకదానిపై నొకటి నిలువలేక జాఱుటతో నూనె యంతయు పోయినది.

ఫిల్టరు వెల మూడువందల రూపాయలకు లోపు. ఇంజనును బాగుచేయించుటకు ఏబదివేల రూపాయలు దాటెను. మా అన్నగారు కుమార్తె కళాశాల రుసుమునకై దాచిన సొమ్మును తీసి యిచ్చిరి. దానిని తీర్చుటకు నాకు ఏడాదిన్నర పట్టెను. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. ఒకే ప్రశ్న అడిగిరి.

“దీపము వెలుగుట నీవు చూడలేదా, తమ్ముడా?”

“చూచితిని, అన్నా.”

ఆయన మఱేమియు అడుగలేదు. నాటినుండి ఎవరి కారునకు ఫిల్టరు మార్చినను, పాతవలయము నా చేతికి వచ్చినగాని క్రొత్తడబ్బాను ముట్టను.