మీకు తెలుసా? స్వరాల మీద రాసే అక్షరాల సంగతి

పోయినేడు క్రిస్మస్‌కు ముందు మా కాయిర్ కోసం ఒక పాటకు స్కోర్ రాశాను. మ్యూజ్‌స్కోర్ అనే స్కోర్లు రాసే సాఫ్ట్‌వేర్‌లో స్వరాలన్నీ పెట్టాక, వాటి పైన గిటార్ వాయించే అబ్బాయి కోసం జి, ఈ మైనర్, సి, డి అని కార్డ్‌లు టైపు చేశాను. రిహార్సల్లో పాడేవాళ్ళకు శ్రుతి ఎక్కువైంది, కొంచెం తగ్గించమన్నారు. ట్రాన్స్‌పోజ్ చేసి, మళ్ళీ ప్రింట్ తీసి అందరికీ పంచాను. వాళ్ళు ఎఫ్‌లో పాట ఎత్తుకున్నారు, గిటార్ మాత్రం జి పట్టింది. రెండో మాత్రకే అందరూ ఆగిపోయారు. కాగితం చూస్తే స్వరాలు దిగాయి గానీ వాటి మీది కార్డ్‌లు ఒక్కటీ కదల్లేదు. ఎందుకిలా అని ఆ రాత్రి వెతకడం మొదలుపెడితే దొరికినవీ, తర్వాత పోగైనవీ ఈ సంగతులు.

చూడ్డానికి ఒకేలా ఉన్నా, అవి రెండు వేర్వేరు వస్తువులని తెలుసా?
మ్యూజ్‌స్కోర్‌లో ఒక స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్, టి కలిపి నొక్కితే వచ్చేది స్టాఫ్ టెక్స్ట్. నేను వాడింది అదే. అందులో జి అని రాస్తే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త అక్షరం. కంట్రోల్, కె నొక్కితే వచ్చేది కార్డ్ సింబల్. అక్కడ జి అని రాస్తే జి, బి, డి అనే మూడు స్వరాల కూర్పు అని దానికి అర్థమవుతుంది. అందుకే పాటను ఒక మెట్టు దించితే జి ఎఫ్ అవుతుంది, ఈ మైనర్ డి మైనర్ అవుతుంది, సి బి ఫ్లాట్ అవుతుంది, డి సి అవుతుంది. 2020లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి ఆ కార్డ్‌ను వాయించి వినిపిస్తుంది కూడా. తప్పు కార్డ్ రాస్తే కంటికంటే ముందు చెవి పట్టేస్తుంది.

టైపు చేయడమూ హాయిగా ఉంటుంది. ఒక కార్డ్ రాసి స్పేస్ నొక్కితే కర్సర్ తర్వాతి స్వరం మీదికి పోతుంది, ట్యాబ్ నొక్కితే తర్వాతి బార్‌కు దూకుతుంది. చిన్నక్షరంతో మొదలుపెట్టినా పెద్దక్షరం చేసుకుంటుంది. బి ఫ్లాట్ కావాలంటే బి అక్షరాన్ని రెండుసార్లు కొడితే చాలు, మొదటిది స్వరంగా, రెండోది ♭ గుర్తుగా మారుతుంది.

సున్నాకూ, ఓ అక్షరానికీ తేడా వస్తే కార్డే మారిపోతుందని తెలుసా?
కార్డ్ పేరు పక్కన ఇంగ్లిష్ చిన్న ఓ కొడితే డిమినిష్డ్, సున్నా కొడితే హాఫ్ డిమినిష్డ్. సి మీద మొదటిది సి, ఈ ఫ్లాట్, జి ఫ్లాట్. రెండోది వాటికి తోడు బి ఫ్లాట్. కాగితం మీద మొదటిదానికి ఉత్త గుండ్రం, రెండోదానికి అడ్డగీత కొట్టిన గుండ్రం వస్తాయి. మేజర్ సెవెన్త్‌ది ఇంకో గొడవ. కొందరు పెద్ద ఎం రాస్తారు, కొందరు త్రిభుజం గీస్తారు, కొందరు పదాన్ని కుదించి రాస్తారు. చేత్తో గబగబా రాసిన పెద్ద ఎం చిన్న ఎంలా కనిపిస్తే మేజర్ కాస్తా మైనర్ అవుతుంది. ఈ గందరగోళం భరించలేకే అమెరికాలో కార్ల్ బ్రాంట్, క్లింటన్ రోమర్ అనే ఇద్దరు కార్డ్‌ల పేర్లకు ఒక ఒరవడి ఉండాలంటూ 1970ల్లో ఏకంగా పుస్తకమే రాశారు.

బి అంటే అన్ని దేశాల్లోనూ బి కాదని తెలుసా?
జర్మన్ పద్ధతిలో బి అంటే మనం బి ఫ్లాట్ అనే స్వరం. మనం బి అనేదాన్ని వాళ్ళు హెచ్ అంటారు. బాఖ్ తన ఇంటిపేరులోని బి, ఏ, సి, హెచ్ అనే నాలుగు అక్షరాలనూ స్వరాలుగా మార్చి ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్ చివరి ఫ్యూగ్‌లో అల్లగలిగింది ఈ పద్ధతి వల్లే. సాఫ్ట్‌వేర్‌లో కార్డ్‌లను జర్మన్ పేర్లతో చూపించే ఏర్పాటూ ఉంది.

అంకెలతో రాసిన కార్డ్‌లకు శ్రుతి మార్చే పనే ఉండదని తెలుసా?
నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. 1950ల చివర్లో నాష్‌విల్ స్టూడియోల్లో, జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ కార్డ్‌లకు అక్షరాలు మానేసి 1, 4, 5 అని అంకెలు వేసుకోవడం మొదలుపెట్టాడు. గాయకుడు వచ్చి ఈ రోజు గొంతు బాగాలేదు, దించండి అంటే కాగితం మార్చక్కర్లేదు. 1 ఎక్కడుందో చెబితే చాలు. ఆలోచిస్తే మన సరిగమలదీ ఇదే దారి. షడ్జమాన్ని ఒకటిన్నర శ్రుతిలో పెట్టుకున్నా, అయిదున్నరలో పెట్టుకున్నా, పుస్తకంలోని స్వరాల్లో ఒక్క అక్షరం కూడా మారదు. మ్యూజ్‌స్కోర్‌లో ఈ నాష్‌విల్ అంకెలు వేసుకోవడానికి వేరే చోటు ఉంది. బేస్ స్వరంతో పాటు రాసే పదిహేడో శతాబ్దపు ఫిగర్డ్ బేస్ అంకెలకు కంట్రోల్, జి ఉంది.

మాటలో కూడా అందరికీ చెప్పేది, ఒకరికే చెప్పేది అని రెండు రకాలున్నాయని తెలుసా?
స్టాఫ్ టెక్స్ట్ ఏ వాద్యానికి రాస్తే ఆ ఒక్క వాద్యం కాగితంలోనే కనిపిస్తుంది. వయొలిన్ వాళ్ళకు విల్లు వదిలి వేళ్ళతో మీటమని చెప్పాలంటే అది సరిపోతుంది. ఇక్కడ అందరూ వేగం తగ్గించాలి అన్నదాన్ని కూడా అలాగే రాస్తే ఆ సంగతి ఒక్కరికే తెలుస్తుంది, మిగతావాళ్ళు తమ దారిన పోతారు. దానికి కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కి సిస్టమ్ టెక్స్ట్‌గా రాయాలి. అప్పుడు ప్రతి వాద్యం కాగితంలోనూ వస్తుంది.

పాట సాహిత్యం విడగొట్టడంలో తెలుగు లిపి మనకు సాయం చేస్తుందని తెలుసా?
సాహిత్యానికి కంట్రోల్, ఎల్. మాట మధ్యలో హైఫన్ కొడితే తర్వాతి స్వరానికి పోతుంది, మాట అయిపోతే స్పేస్. ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాలు సాగదీయాలంటే అండర్‌స్కోర్. నేను మొదట నక్షత్రం అన్న మాటను పాడినట్టే విడగొట్టాను: నక్, షత్, రం. కాగితం నిండా పొల్లులే, చదవడానికి పాడేవాళ్ళు తడుముకున్నారు. న, క్ష, త్రం అని మార్చాను. ఒక్కో స్వరం కింద ఒక్కో అక్షరం చక్కగా కుదురుకుంది. పలికేటప్పుడు క్ అనే ధ్వని ముందు అక్షరాన్ని పట్టుకునే ఉన్నా, చిన్నప్పటి నుంచి అలా చదివిన కంటికి దాన్ని ఎక్కడ పలకాలో వేరే చెప్పక్కర్లేదు.

ఒక సాఫ్ట్‌వేర్ కన్ను మూసినా కార్డ్‌లు బతుకుతాయని తెలుసా?
1988లో మొదలైన ఫినాలే అనే స్కోర్ సాఫ్ట్‌వేర్‌ను ఇక ముందుకు తీసుకెళ్ళబోమని దాని తయారీదారులు 2024 ఆగస్టులో ప్రకటించారు. మూడున్నర దశాబ్దాలుగా అందులో స్కోర్లు రాసుకున్నవాళ్ళు తమ పనిని వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది. అలా మార్చేటప్పుడు వాడేది మ్యూజిక్ఎక్స్ఎంఎల్, 2004లో మొదటి వెర్షన్ వచ్చిన ఫైలు పద్ధతి. అందులో కార్డ్‌ను అక్షరాల వరుసగా దాచరు. మూలస్వరం ఒక గదిలో, మేజరో మైనరో ఒక గదిలో, బేస్ స్వరం వేరే ఉంటే అదొక గదిలో ఉంటాయి. కార్డ్‌గా రాసింది కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి కార్డ్‌గానే చేరుతుంది. టెక్స్ట్‌గా రాసిందాన్ని అక్కడా ఉత్త మాటగానే తీసుకుంటారు.

మా పాటలోని కార్డ్‌లన్నీ ఆ రాత్రే చెరిపేసి కంట్రోల్, కెతో మళ్ళీ పెట్టాను. తర్వాతి రిహార్సల్లో ఇంకో అర మెట్టు దించమన్నారు. ఎఫ్ ఈ అయింది, డి మైనర్ సి షార్ప్ మైనర్ అయింది, బి ఫ్లాట్ ఏ అయింది, సి బి అయింది. గిటార్ అబ్బాయి కొత్త కాగితం ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, రెండో ఫ్రెట్ మీద కేపో బిగించి పాట ఎత్తుకున్నాడు.