నిలవ ఆహారములలోని ఉప్పు, సోడా, ఫాస్ఫేటులు

బిట్రగుంట రైతులకు ఉప్పు కొత్త కాదు. దాపుననే ఇస్కపల్లి ఉప్పుమడులు, జువ్వలదిన్నె తీరపు ఎండుచేపలు ఉన్నవి. ఉప్పులోని సోడియము ఒంటిలో నీటిని నిలిపి రక్తపు పోటును హెచ్చించును. పోటు ఏండ్ల తరబడి హెచ్చుగా ఉన్నచో గుండె కండరము దళసరియగును; మూత్రపిండములలో రక్తమును వడగట్టు సన్నని నాళములు చెడును. చెడిన మూత్రపిండము పోటును మరింత పెంచును. నొప్పి ఉండదు గనుక ముదిరినదాక తెలియదు.

పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాములకు లోపుగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అనగా ఒక చిన్న చెంచాడు. కూరలో తగ్గించి, ఊరగాయ వేసికొన్నచో లెక్క తప్పును. అప్పడములలోని సోడా, బజ్జీలలోని తినే సోడా ఉప్పగా లేకున్నను సోడియమే. ఎండుచేపను రెండు మూడు నీళ్ళు మార్చి నానబెట్టినచో ఉప్పు చాలవరకు పోవును.

కోలా పానీయములలో, నిలవ మాంసములలో చేర్చు ఫాస్ఫేటుల సంగతి వేరు. పప్పులలోని ఫాస్ఫరసు కొంతయే ఒంటబట్టును. చేర్చినది చాలవరకు రక్తములో కలియును. చెడిన మూత్రపిండములు దానిని విసర్జింపజాలవు. రక్తనాళములలో సున్నము పేరి గుండెకు హాని కలుగును. పొట్లముపై 338 నుండి 341, 450 నుండి 452 వరకు గల సంఖ్యలు వీనికి గుర్తులు.

అంగళ్ళలో అమ్ము ‘తక్కువ సోడియము ఉప్పు’లో పొటాషియము ఉండును. మూత్రపిండముల జబ్బు కలవారికి అది ప్రమాదము. డాక్టరు నడుగక వాడరాదు. పోటు, చక్కెర జబ్బు కలవారు ఏటేటా రక్తములో క్రియాటినిను, మూత్రములో అల్బుమిను పరీక్ష చేయించుకొనవలెను.