ఎయిర్ ఫ్లో సెన్సర్ మార్చే ముందు స్కానర్ రీడింగ్ చూడండి

కారు పికప్ తగ్గి ఇంజన్ లైటు వెలిగిందంటే చాలా షెడ్లలో ముందు వినిపించే మాట: ‘ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయింది, మార్చాలి’. బిల్లు వేలల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారుతో క్యాబ్ నడిపే ఇంటికి అది చిన్న భారం కాదు.

ఇంజన్‌లోకి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో ఈ సెన్సర్ చెప్తుంది. ఒక గ్రాము పెట్రోల్‌కు 14.7 గ్రాముల గాలి లెక్క. గాలి తక్కువ చూపిస్తే పెట్రోల్ తక్కువ పడుతుంది. ఆ లోటును ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టగానే కారు కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది. స్కానర్‌లో ‘ఫ్యూయల్ ట్రిమ్’ అని కనిపించేది ఈ సవరింపే.

ఇంజన్ వేడెక్కాక ఏసీ ఆపి ఐడిల్‌లో చూస్తే 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు సుమారు 2 నుంచి 4 గ్రాములు రావాలి. తక్కువ వచ్చినంత మాత్రాన సెన్సర్‌దే తప్పు అనుకోవద్దు. ఐడిల్‌లో ట్రిమ్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే, సెన్సర్ దాటాక ఎక్కడో లీకై బయటి గాలి లోపలికి పోతున్నట్టు. క్లాంప్ బిగిస్తేనో, పగిలిన పైపు మారిస్తేనో పని అయిపోవచ్చు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే సెన్సర్‌కు మురికి పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంప్ వీక్ అయి ఉండొచ్చు. మురికికి ఈ సెన్సర్ కోసమే దొరికే క్లీనర్ స్ప్రే కొడితే చాలు. లోపలి సన్నని తీగను బట్టతో తుడిస్తే మాత్రం నిజంగానే కొత్తది కొనాల్సి వస్తుంది!

ఇంకొకటి, చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఈ సెన్సరే ఉండదు. వాటిలో ఉండేది ప్రెషర్ చూపే మ్యాప్ సెన్సర్. మీ కారులో ఏది ఉందో మెకానిక్‌ను ముందే అడగండి.