విద్యుత్ కార్లు - ముడిపదార్థములపై పెట్టుబడి
విద్యుత్ కార్లు పెరిగినకొలది బ్యాటరీలకు కావలసిన లోహములకు గిరాకీ పెరుగును. కాబట్టి గనుల కంపెనీల వాటాలు కొన్నచో లాభము తప్పదని పలువురు తలంతురు. ఇది పూర్తిగా నిజము కాదు.

2022 నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేటు వెల దాదాపు 6 లక్షల యువానులు. ఆ ధర ఆశతో కొత్త గనులు తెరచిరి. సరఫరా గిరాకీని మించెను. 2024 ఆరంభమునకు వెల లక్ష యువానులకు దిగువకు పడిపోయెను. ఆ కాలమున విద్యుత్ కార్ల అమ్మకములు మాత్రము పెరిగినవి!

రసాయనశాస్త్రము మరొక చిక్కు తెచ్చును. కొన్ని బ్యాటరీల ధనధ్రువములో నికెలు, కోబాల్టు ఉండును. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున గుడినఫ్ బృందము ప్రకటించిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు ధనధ్రువములో ఆ రెండును లేవు. వాటికి బదులు ఇనుము, భాస్వరము ఉన్నవి.

అందుచేత పెట్టుబడి పెట్టువారు కార్లనేకాక ధనధ్రువములోని మూలకములను, గనుల ఉత్పత్తిని కూడ లెక్కింపవలెను.